జట్టు ఎవరిది?

ఈ సావనీరుకు ఏదైనా రాయమని మన మేగజైన్ సెక్రటరీ నన్ను అడిగి నెల దాటింది. నిరుద్యోగం మీద ఒకరు, పరీక్షల పద్ధతి మీద ఒకరు, సినిమాల మీద ఇద్దరు అప్పటికే రాసిచ్చేశారట. "నేను ఆటల మీద రాస్తాను" అన్నాను. "క్రికెట్టేగా, రాసెయ్" అన్నాడు. "కాదు, బేస్‌బాల్" అన్నాను. వాడు నా నుదుటిమీద చెయ్యిపెట్టి చూశాడు, జ్వరమేమోనని.

జ్వరం కాదు. మా పెదనాన్నగారి అబ్బాయి అమెరికాలో ఫ్రీమాంట్ అనే ఊళ్ళో ఉంటున్నాడు. కిందటిసారి సంక్రాంతికి వచ్చినప్పుడు అందరికీ తెచ్చినట్టే చాక్లెట్లూ, సెంట్లూ తెచ్చాడు. నాకు మాత్రం విడిగా ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బీ ఇచ్చాడు. మూత తీసి చూస్తే మట్టి. ఎర్రమట్టి! "ఏంటన్నయ్యా ఇది? ఏ పుణ్యక్షేత్రం?" అన్నాను. "ఓ రకంగా అంతేరా" అన్నాడు. ఆ మట్టి కథే ఈ వ్యాసం. కథ విన్నాక నాకు కలిగిన అభిప్రాయం కూడా చెబుతాను. ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం మీ ఇష్టం.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. బేస్‌బాల్‌లో జట్టుకు తొమ్మిదిమంది. తొమ్మిది ఇన్నింగ్సులు. ముగ్గురు అవుటైతే ఆ జట్టు వంతు ముగుస్తుంది. బంతి కొట్టినవాడు మూడు బేసులు దాటి బయల్దేరిన చోటుకి తిరిగొస్తే ఒక పరుగు. ఇంతవరకూ మనకు కొత్తేం లేదు. కొత్తదల్లా లెక్క. అక్కడి మేజర్ లీగుల్లో 30 జట్లున్నాయి. ఒక్కొక్క జట్టు మార్చి చివర మొదలుపెట్టి సెప్టెంబర్ చివరిదాకా 162 ఆటలు ఆడుతుంది. అందులో 81 సొంత ఊళ్ళోనే. అంటే దాదాపు రోజూ ఆటే. మన ఐ.పి.ఎల్. రెండు నెలల తిరునాళ్ళయితే అది ఆరు నెలల సంసారం. పొద్దున పేపరు, సాయంత్రం టీ ఎలాగో, ఆ ఊరివాళ్ళకి జట్టు అలాగ. నెగ్గిందా ఓడిందా అన్నది తర్వాతి మాట. ఇవాళ ఉందా లేదా అన్నదే మొదటి మాట.

ఇప్పుడు ఓక్లాండ్ సంగతి. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో పేరు వినని వాళ్ళు లేరు. దానికి ఎదురుగా, అఖాతానికి ఇవతలి ఒడ్డున ఉన్న రేవుపట్టణం ఓక్లాండ్. అటుపక్క బ్యాంకులూ, టూరిస్టులూ. ఇటుపక్క ఓడలూ, రైళ్ళూ, క్రేన్లూ. రెండో ప్రపంచయుద్ధకాలంలో ఓడల కర్మాగారాల్లో పనికోసం దక్షిణాది రాష్ట్రాలనుంచి నల్లవారి కుటుంబాలు వేలాదిగా వచ్చి స్థిరపడ్డ ఊరు. బ్లాక్ పాంథర్ పార్టీ 1966లో పుట్టింది ఇక్కడే. ఆ సంవత్సరమే కొలీజియం అనే స్టేడియం కూడా తెరిచారు. 1968లో ఆ స్టేడియానికి అథ్లెటిక్స్ జట్టు వచ్చింది. జనం ముద్దుగా "ఏ'స్" అంటారు.

ఆకుపచ్చ, బంగారు రంగుల దుస్తులు, తెల్లబూట్లు, గుబురుమీసాలు. 1972, 1973, 1974 వరసగా మూడేళ్ళు వరల్డ్ సిరీస్ గెలిచారు. అలా వరసగా మూడుసార్లు గెలిచినవాళ్ళు న్యూయార్క్ యాంకీస్ తప్ప మరొకరు లేరు. 1989లో ఎదురుగట్టున ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌నే ఓడించి మళ్ళీ గెలిచారు. ఆ సిరీస్ మధ్యలో భూకంపం వచ్చి పది రోజులు ఆట ఆగిపోయింది. 2002లో చాలీచాలని డబ్బుతో, లెక్కల తెలివితో జట్టు కట్టి వరసగా 20 ఆటలు గెలిచారు. దానిమీదే 2011లో 'మనీబాల్' సినిమా వచ్చింది, మన హాస్టల్లో చాలామంది చూసే ఉంటారు. ఇక రికీ హెండర్సన్. ఓక్లాండ్ వీధుల్లో పెరిగి, అక్కడి స్కూల్లో చదివి, ఆ జట్టుకే ఆడినవాడు. తన జీవితంలో 1,406 సార్లు బేసు దొంగిలించాడు. దొంగిలించడమంటే, బౌలరు ఏమరిచిన క్షణంలో పరుగెత్తి తర్వాతి బేసు చేరడం. దరిదాపుల్లోకి వచ్చినవాడు లేడు.

ఇలాంటి జట్టుకి ఏమొచ్చింది? యజమాని వచ్చాడు. 2005లో జాన్ ఫిషర్ అనే ఆయన భాగస్వాములతో కలిసి జట్టును కొన్నాడు. గ్యాప్ బట్టల కంపెనీ స్థాపించిన దంపతుల కుమారుడు. డబ్బుకు లోటు లేదు. కాని స్టేడియం పాతది. అందులో అబద్ధం లేదు. 2013లో డ్రైనేజీ పొంగి ఆటగాళ్ళ గదుల్లోకి మురుగు వచ్చింది. కొత్త స్టేడియం కావాలన్నారు. మొదట ఫ్రీమాంట్ అన్నారు, మా అన్నయ్య ఇప్పుడున్న ఊరే. కాలేదు. తర్వాత శాన్ హోసే అన్నారు. కాలేదు. 2018లో ఓక్లాండ్ రేవు దగ్గరే హోవర్డ్ టెర్మినల్ అన్నారు. నగరపాలక సంస్థతో బేరాలు సాగుతూ ఉండగానే 2023 ఏప్రిల్లో, లాస్ వేగాస్‌లో స్థలం చూసుకున్నామని ప్రకటించారు. ఆ ఊరికి ఇదే మొదటి దెబ్బా అంటే అదీ కాదు. 2019లో బాస్కెట్‌బాల్ జట్టు వారియర్స్ బ్రిడ్జి దాటి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళిపోయింది. 2020లో ఫుట్‌బాల్ జట్టు రైడర్స్ లాస్ వేగాస్ వెళ్ళిపోయింది. ఇద్దరు కొడుకులు ఊరు విడిచిపోయిన ఇంట్లో మూడోవాడు కూడా పెట్టె సర్దుతుంటే ఎలా ఉంటుందో చూసుకోండి.

ఈలోగా జట్టు మాట ఏమిటి? 2020లో తమ డివిజన్లో మొదటి స్థానం. 2021లో 86 గెలుపులు. ఆ తర్వాత అమ్మకాలు మొదలయ్యాయి. మాట్ ఓల్సన్, మాట్ చాప్‌మన్, క్రిస్ బాసిట్, షాన్ మనాయా, షాన్ మర్ఫీ... పేరున్నవాళ్ళందరినీ ఏడాది తిరక్కుండా ఒక్కొక్కళ్ళనీ వేరే జట్లకిచ్చి, చవకగా దొరికే కుర్రాళ్ళను తెచ్చుకున్నారు. ఆ పక్కనే టిక్కెట్ల ధరలు పెంచారు. 2022లో 102 ఓటములు. 2023లో 112 ఓటములు. ఓక్లాండ్ వచ్చాక ఆ జట్టు ఎన్నడూ అంత ఘోరంగా ఓడలేదు. 30 జట్లలోకీ అతితక్కువ జీతాల ఖర్చు వాళ్ళదే. ఒకరోజు ఆటకి లెక్కన 2,064 మంది వచ్చారు. మన కాలేజీ ఆన్యువల్ డేకి ఇంతకన్నా ఎక్కువమంది వస్తారేమో!

అప్పుడు యాజమాన్యం ఏమందో ఊహించండి. "జనం రావడం లేదు, ఊరికి ఆసక్తి లేదు, అందుకే వెళ్తున్నాం." కంచంలో అన్నం ముద్దముద్దా తీసేసుకుని, చివరికి "వీడికి ఆకలి లేదండీ" అన్నట్టుంది.

దీనికి ఆ ఊరి జనం ఇచ్చిన జవాబు నాకు చాలా నచ్చింది. 2023 జూన్ 13, మంగళవారం. అభిమానుల సంఘాలు కూడబలుక్కుని 'తిరగేసిన బాయ్‌కాట్' చేశారు. బాయ్‌కాట్ అంటే రాకపోవడం కదా. వీళ్ళు రావడమే బాయ్‌కాట్ అన్నారు. జూన్ మొదటివారానికి 12 గెలుపులు, 50 ఓటములతో అట్టడుగున పడివున్న జట్టును చూడటానికి ఆ రాత్రి 27,759 మంది వచ్చారు. ఒంటినిండా ఆకుపచ్చ చొక్కాలు, దానిమీద ఒకే మాట: "అమ్మెయ్". జట్టును అమ్మెయ్, ఊరిని వదిలెయ్ అని యజమానికి చెప్పడం. ఐదో ఇన్నింగ్స్ మొదట్లో అంత జనమూ కొంతసేపు నోరు మెదపకుండా నిలబడ్డారు. ఆ తర్వాత ఒక్కసారిగా గొంతెత్తారు. ఆ రాత్రి జట్టు కూడా ఎందుకో పూనకం వచ్చినట్టు ఆడింది. అప్పటికి లీగు మొత్తంలో ముందున్న టాంపా బే జట్టుని 2-1తో ఓడించింది. వరసగా అది ఏడో గెలుపు!

మనమంతా ఊరేగింపులు చూసినవాళ్ళమే, చేసినవాళ్ళమూ ఉన్నాం. గేటు దగ్గర బైఠాయించడం, క్లాసులు ఎగ్గొట్టడం మనకు తెలుసు. ప్రేమించిన చోటుకి వెళ్ళి కూర్చోవడమే నిరసన అని నాకు ఎప్పుడూ తోచలేదు. ఇది మన యూనియన్ నాయకులు ఒకసారి ఆలోచించవలసిన సంగతి.

ఫలితం? లేదు. సరిగ్గా రెండు రోజుల తర్వాత, జూన్ 15న, నెవాడా గవర్నరు కొత్త స్టేడియానికి 38 కోట్ల డాలర్లదాకా ప్రజాధనం ఇచ్చే చట్టం మీద సంతకం పెట్టారు. అక్కడి ఉపాధ్యాయుల సంఘం "బడులకు లేని డబ్బు స్టేడియానికి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని పోరాడింది. ప్రజల ఓటుకు పెట్టమని అర్జీ తెచ్చింది. 2024 మేలో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ అర్జీ చెల్లదంది. అంతకుముందే, 2023 నవంబరులో, 30 జట్ల యజమానులూ కూర్చుని ఓటేశారు. తరలివెళ్ళడానికి అనుకూలం 30. వ్యతిరేకం సున్నా. ఓక్లాండ్ తరఫున ఆ గదిలో ఓటున్నవాడు ఒక్కడే, ఆయనే వెళ్ళిపోతానంటున్నవాడు.

ఇక 2024, ఆఖరి సీజన్. మొదటిరోజే అభిమానులు చాలామంది లోపలికి వెళ్ళకుండా బయట కార్లు నిలిపేచోటే పండుగ చేసుకున్నారు. లోపల జట్టు 8-0తో ఓడింది. ఏప్రిల్లో మరో వార్త: లాస్ వేగాస్ స్టేడియం పూర్తయ్యేదాకా ఓక్లాండ్‌లో కూడా ఉండరట, శాక్రమెంటోలో పధ్నాలుగు వేలమంది పట్టే చిన్న మైదానంలో ఆడతారట. విచిత్రమేమిటంటే ఆ ఏడు జట్టు కోలుకుంది. బ్రెంట్ రూకర్ 39 హోమ్ రన్లు కొట్టాడు. మేసన్ మిల్లర్ అనే కుర్రాడు గంటకు 100 మైళ్ళకు మించిన వేగంతో బంతి విసిరేవాడు. 69 గెలుపులు, 93 ఓటములు. గొప్పేం కాదు. కాని కళ్ళముందు మొక్క చిగురుపెడుతుంటే, కుండీ ఎత్తుకుపోయేవాడు గుమ్మంలో నిలబడ్డట్టయింది.

ఆ సెప్టెంబర్ 26 మధ్యాహ్నం ఓక్లాండ్‌లో చిట్టచివరి ఆట. మా అన్నయ్య సెలవు పెట్టి వెళ్ళాడు. వాళ్ళ ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నాడు. ఓక్లాండ్‌లోనే పుట్టినవాడు. అన్నయ్యకు ఆట నేర్పినది ఆయనే. స్కోరుకార్డు ఎలా రాయాలో, ఏ బంతికి ఎందుకు ఊరుకోవాలో ఓపిగ్గా చెప్పేవాడట. ఇద్దరూ రైల్లో వెళ్ళారు. స్టేషన్‌నుంచి స్టేడియానికి ఒక నడక వంతెన ఉంది. మామూలుగా పది నిమిషాలైనా పట్టని ఆ వంతెన దాటడానికి ఆ రోజు అరగంట పట్టిందట. తోపులాట వల్ల కాదు, జనం ఆగి ఆగి వెనక్కి చూసుకుంటూ నడవడం వల్ల.

46,889 మంది వచ్చారు. ఆసక్తి లేని ఊరు! రికీ హెండర్సన్, డేవ్ స్టీవర్ట్ వచ్చి మొదటి బంతులు విసిరారు. (హెండర్సన్ ఆ డిసెంబరులోనే కన్నుమూశాడు.) టెక్సాస్ రేంజర్స్ మీద ఏ'స్ 3-2తో గెలిచారు. ఆఖరి బంతులు మేసన్ మిల్లరే వేశాడు. ఆట అయ్యాక మేనేజరు మార్క్ కాట్సే మైకు పుచ్చుకుని జనానికి దణ్ణం పెట్టినంత పని చేశాడు. చివరిసారిగా ఊరి పేరుతో జేకొడదాం అన్నాడు. కొట్టారు. తర్వాత చాలాసేపు ఎవరూ కదల్లేదట. మైదానం పనివాళ్ళు ఆ ఎర్రమట్టి ఎత్తి అడిగినవాళ్ళకల్లా ఇచ్చారు. పెద్దాయన తన కాఫీకప్పు పట్టాడు. బయటికొచ్చాక అందులో సగం అన్నయ్య కప్పులో వంపాడు. ఏమీ అనలేదట. అన్నయ్య కూడా ఏమీ అనలేదు. అందులోదే కాస్త, నా బల్లమీది డబ్బీలో ఉంది.

*

ఇదంతా హాస్టల్లో చెబితే మా రూంమేటు (కామర్స్ విద్యార్థి) ఒక్కమాటలో కొట్టిపారేశాడు. "వాడి డబ్బు, వాడి జట్టు, వాడిష్టం. నీ సైకిల్ నువ్వు ఎక్కడ పెట్టుకోవాలో ఊరివాళ్ళు చెబుతారా?" అన్నాడు. ఇది తీసిపారేయదగిన వాదన కాదు. చాలామంది ఇలాగే అనుకుంటారు. కాబట్టి జవాబు చెప్పవలసిందే.

మొదటిది: జట్టు సైకిలు కాదు. సైకిలు నేను ఒక్కణ్ణీ తొక్కితే నడుస్తుంది. జట్టు విలువంతా చూసేవాళ్ళ వల్ల వచ్చింది. పదకొండుమందో తొమ్మిదిమందో బంతి విసురుకుంటూ ఉంటే దానికి కోట్లెవరిస్తారు? తండ్రి భుజాలమీద కూర్చుని చూసిన పిల్లవాడు తను తండ్రయ్యాక మళ్ళీ తన కొడుకుని ఎత్తుకుని రావడం, ఇదే ఆ ఆస్తి. దీన్ని ఏ రిజిస్ట్రారాఫీసులోనూ రాసివ్వలేరు. యజమాని కొన్నది లైసెన్సు. జనం ఇచ్చింది అర్థం.

రెండోది: అది నిజమైన బజారు కూడా కాదు. బజారంటే ఒక కొట్టు మూస్తే పక్కన ఇంకోడు తెరుస్తాడు. ఇక్కడ అలా వీల్లేదు. ఏ ఊళ్ళో జట్టుండాలో ఆ 30 మంది యజమానులే తేలుస్తారు. 1922లో అమెరికా సుప్రీంకోర్టు, బేస్‌బాల్ అంతర్రాష్ట్ర వాణిజ్యం కిందికి రాదు, గుత్తాధిపత్య చట్టాలు దానికి వర్తించవు అని తీర్పిచ్చింది. నూరేళ్ళు దాటినా ఆ వెసులుబాటు ఇంకా చాలామటుకు సాగుతోంది. చట్టం దగ్గరికొచ్చేసరికి "ఇది వ్యాపారం కాదు, ఆట". జనం దగ్గరికొచ్చేసరికి "ఇది ఆట కాదు, వ్యాపారం". రెండు నాలుకలూ ఒకే నోట్లో!

మూడోది చరిత్రే చెబుతోంది. 1976లో ఈ జట్టుకే చార్లీ ఫిన్లీ అని ఒక యజమాని ఉండేవాడు. డబ్బుకోసం జో రూడీ, రోలీ ఫింగర్స్‌లను చెరో పదిలక్షల డాలర్లకి బోస్టన్‌కీ, వైడా బ్లూను పదిహేను లక్షలకి న్యూయార్క్‌కీ అమ్మేశాడు. అప్పటి కమిషనరు బోవీ కూన్, ఆట మేలు దృష్ట్యా ఈ అమ్మకాలు చెల్లవని రద్దుచేశాడు. ఫిన్లీ కోర్టుకెక్కాడు, ఓడాడు. అంటే యజమాని ఇష్టానికీ ఒక హద్దుందని వాళ్ళే ఒకప్పుడు ఒప్పుకున్నారు. ముగ్గురు ఆటగాళ్ళను అమ్మితే చెడిన ఆట మేలు, జట్టుకు జట్టే ఊరు విడిచిపోతే చెడలేదా?

మావాడు ఊరుకోలేదు. "మరి ఓక్లాండ్‌కి ఆ జట్టు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగాడు. ఇక్కడ నేను కాస్త తడబడ్డాను. నిజమే. అథ్లెటిక్స్ 1901లో ఫిలడెల్ఫియాలో మొదలైంది. 1955లో కాన్సాస్ సిటీకి వెళ్ళింది. అక్కడ 13 ఏళ్ళుండి, అక్కడివాళ్ళని ఏడిపించి, 1968లో ఓక్లాండ్ చేరింది. ఓక్లాండ్ వాళ్ళు అప్పుడు మిఠాయిలు పంచుకునే ఉంటారు. కాన్సాస్ సిటీ వాళ్ళను తలచుకుని ఎంతమంది బాధపడ్డారో! ఈ ప్రశ్నకి నేను తెలివైన జవాబు వెతికాను. దొరకలేదు. ఒకటే చెప్పగలను. ఒక ఊరికి జరిగిన అన్యాయం ఇంకో ఊరికి జరిగే అన్యాయానికి రసీదు కాదు. పైగా ఓక్లాండ్ వాళ్ళు 57 సీజన్లు చూశారు. అన్నేళ్ళు కాపురమున్నవాణ్ణి అద్దెకొచ్చినవాడనరు.

నగరపాలక సంస్థ తప్పేం లేదా? ఉంది. ఆలస్యాలున్నాయి. అయితే బడులకీ, రోడ్లకీ డబ్బు చాలని ఊరు, కుబేరుడికి మేడ కట్టివ్వడానికి తటపటాయించడాన్ని నేను తప్పనలేను.

పోనీ వేరే దారి లేదా అంటే, ఉంది. అదే అమెరికాలో గ్రీన్ బే అని లక్షమంది జనాభా ఉన్న చిన్న ఊరు. అక్కడి ఫుట్‌బాల్ జట్టు పాకర్స్ 1923 నుంచీ ప్రజల సొత్తు. 5 లక్షలకు పైగా వాటాదారులున్నారు. ఎవరికీ లాభాల్లో పంపకం లేదు, వాటా పెట్టుకుని వ్యాపారం చేసుకోవడానికీ లేదు. అందుకే ఎంత పెద్ద ఊరు ఎంత డబ్బు చూపించినా ఆ జట్టు కదల్లేదు. జర్మనీలో ఫుట్‌బాల్ క్లబ్బుల్లో సగానికి మించిన ఓట్లు సభ్యుల చేతుల్లోనే ఉండాలని నియమం. స్వర్గం దిగిరాలేదు, ఆటలు మాత్రం బాగానే జరుగుతున్నాయి. ఓక్లాండ్‌లోనూ ఊరుకోలేదు. 2024లోనే బాలర్స్ అనే చిన్న జట్టు ఆడటం మొదలుపెట్టింది. ఒక పాత పార్కును బాగుచేసుకుని చిన్న లీగులో ఆడుతోంది. అభిమానులే వాటాలు కొన్నారు. 2025లో ఆ లీగు చాంపియన్ కూడా అయింది. పెద్ద ఇల్లు కాలిపోయిన చోట పాక వేసుకున్నారు. కాని పాక మాత్రం వాళ్ళదే.

"అమెరికా గొడవ మనకెందుకు?" అంటారేమో. అక్కడికే వస్తున్నాను. 2009లో నాకు అయిదేళ్ళు. మా నాన్న నాకు డెక్కన్ చార్జర్స్ చొక్కా కొన్నాడు. అంతకుముందు ఏడాది అందరికన్నా అడుగున ఉన్న ఆ హైదరాబాదు జట్టు, ఆ ఏడు మే 24న జొహానెస్‌బర్గ్‌లో బెంగుళూరుని ఆరు పరుగులతో ఓడించి కప్పు గెలిచింది. మా వీధిలో టపాకాయలు కాల్చారని అమ్మ చెబుతుంది. మూడేళ్ళు తిరిగేసరికి, 2012లో, డబ్బు తగాదాల్లో ఆ జట్టు రద్దయిపోయింది. వేరే యజమాని, వేరే పేరు, వేరే రంగు వచ్చాయి. సన్‌రైజర్స్ 2016లో గెలిచారు, సంతోషమే, నేనూ ఈల వేశాను. కాని ఆ చొక్కా ఏమైంది? "ఏరా, ఆ జట్టు లేదుగా, ఇంకా వేసుకుంటావేం?" అని స్కూల్లో నవ్వితే, మర్నాటినుంచి వేసుకోలేదు. ఎనిమిదేళ్ళవాడు, ఎవర్నడగాలి? మా ఊరి జట్టు తీసెయ్యడానికి మమ్మల్ని ఎవరైనా అడిగారా? ఓక్లాండ్ వాళ్ళు కనీసం చొక్కాలు వేసుకుని వచ్చి కేకలైనా వేశారు. మనం కొత్త చొక్కా కొనుక్కున్నాం, అంతే.

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది. 2025 జూన్ 12న, ఏ'స్ ఖాళీచేసిన ఆ కొలీజియంలోనే క్రికెట్ ఆడారు! అమెరికా మేజర్ లీగ్ క్రికెట్‌లో ఆ సీజన్ మొదటి ఆట. శాన్‌ఫ్రాన్సిస్కో యూనికార్న్స్ తరఫున ఫిన్ అలెన్ 51 బంతుల్లో 151 కొట్టాడు. 19 సిక్సర్లు. టి20లో ఒక ఇన్నింగ్స్‌లో అన్ని సిక్సర్లు అప్పటిదాకా ప్రపంచంలో ఎవరూ కొట్టలేదు. ఫ్రీమాంట్, శాన్ హోసే చుట్టుపక్కల మనవాళ్ళు ఎంతమందున్నారో మీకు తెలుసు. అన్నయ్య ఫోన్లో ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "ఒరేయ్, నా చుట్టూ అంతా తెలుగేరా! సమోసాలు కూడా అమ్ముతున్నారు!"

"మీ పెద్దాయన వచ్చాడా?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. పిలిచాడట. టిక్కెట్ కూడా తీశాడట. "నువ్వు నాతో ఎన్నోసార్లు వచ్చావు, నీ ఆటకి నేను రావాలి, నాకు తెలుసు. కాని ఆ వంతెన ఇంకా ఎక్కలేను" అన్నాడట. ఆ తర్వాత అన్నయ్య అన్న మాట: "సిక్సర్ పోయి ఎక్కడ పడుతోందో చూస్తుంటే, అది మేం కూర్చునే సెక్షనేరా. మేమేం తప్పు చెయ్యలేదు. అయినా ఎవరింట్లోనో కూర్చుని భోంచేస్తున్నట్టుంది."

తప్పు మనవాళ్ళది కాదని నేనూ అంటాను. ఖాళీ స్టేడియంలో ఆట జరగడం మంచిదే. కాని ఆ ఇబ్బంది మంచి ఇబ్బంది. అది ఉన్నన్నాళ్ళు మనిషి మనిషిగా ఉంటాడు. లాస్ వేగాస్‌లో 2028కల్లా స్టేడియం తెరవాలని కడుతున్నారు. అక్కడి పిల్లలూ జేకొడతారు, పాపం వాళ్ళ తప్పేముంది? వాళ్ళకీ ఎవరో ఒకరు ఈ కథ చెప్పాలి. ఎందుకంటే వాళ్ళ యజమాని కూడా ఆయనే.

2025లో శాక్రమెంటో చేరిన ఆ జట్టు సీజన్ మొత్తంలో 76 ఆటలు గెలిచింది. నిక్ కర్ట్జ్ అనే కొత్త కుర్రాడు ఒకే ఆటలో నాలుగు హోమ్ రన్లు కొట్టాడు. మంచి జట్టే అవుతోంది. కాని దాని పేరు ముందు ఏ ఊరి పేరూ లేదు. ఉత్త "అథ్లెటిక్స్", అంతే. ఆడుతున్నది శాక్రమెంటోలో అయినా ఆ ఊరి పేరు కూడా పెట్టుకోలేదు. మనలో ఎవరినైనా కొత్తవాళ్ళు కలిస్తే మొదట అడిగేది "మీదే ఊరు?" అనే కదా. ఆ ప్రశ్నకి జవాబు లేని జట్టు ఎన్ని గెలిచి ఏం లాభం?

మన సంగతికొస్తే, మనం ఇక్కడుండేది మూడేళ్ళు. కట్టే ఫీజుల్లో గేమ్స్ ఫీజు ఒకటి. గ్రౌండులో సగం సాయంత్రాలు ఎవరివో ఫంక్షన్లకి షామియానాలు లేస్తున్నాయి. మర్నాడు పిచ్ మీద గుంజల గోతులు పూడ్చుకునేది మనం. "మీరు మూడేళ్ళుండి పోయేవాళ్ళు, గ్రౌండు గొడవ మీకెందుకు?" అని ఈమధ్య ఒక పెద్దమనిషి నాతో అన్నారు. ఆయనకి అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. మేం పోయేవాళ్ళమే. మాలాగే ముందూ వచ్చారు, తర్వాతా వస్తారు. అలా వచ్చిపోయేవాళ్ళవల్లే ఇది గ్రౌండయింది. లేకపోతే ఇది కొలతలున్న ఖాళీ స్థలం.

వచ్చే ఏడాది యూనియన్ పనుల పట్టీలో ఈ ఒక్కటి చేర్చమని కోరుతున్నాను: గ్రౌండు ఎవరికైనా ఇచ్చేముందు, అందులో ఆడేవాళ్ళని అడగాలి. వినకపోతే గేటు దగ్గర ధర్నా వద్దు. ఒకరోజు సాయంత్రం, అందరం వెళ్ళి అందులో ఆడుకుందాం.